అధ్యక్షుడిని దించేయడంలో జనం మాటకు విలువెంత? దక్షిణ కొరియాలో మూడు అభిశంసనలు.. మూడు రకాల తీర్పులు

ఐదేళ్ల కోసం ఓటేసి గెలిపించిన అధ్యక్షుడిని మధ్యలోనే ఇంటికి పంపేయొచ్చా? పంపాలంటే ఎవరు పంపాలి? పార్లమెంటా, కోర్టా, రోడ్డెక్కిన జనమా? దక్షిణ కొరియాకు ఈ ప్రశ్న 20 ఏళ్లలో మూడుసార్లు ఎదురైంది. 2004లో రో మూ హ్యున్, 2016లో పార్క్ గ్యున్ హే, 2024లో యూన్ సుక్ యోల్.. ఈ ముగ్గురినీ అక్కడి పార్లమెంట్ అభిశంసించింది. కానీ పదవి పోయింది ఇద్దరికే. మొదటి ఆయన తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు. ఆయన్ను దించాలని చూసిన పార్టీలు మాత్రం నెల తిరిగేసరికి ఎన్నికల్లో బోల్తా పడ్డాయి.

చట్టం మూడుసార్లూ ఒక్కటే. రాజ్యాంగం ఒక్కటే. మారింది ప్రజాభిప్రాయం. ఒకసారి 70 శాతం మంది 'ఇది తప్పు' అన్నారు. ఇంకోసారి 81 శాతం మంది 'దించాల్సిందే' అన్నారు. మూడోసారి 75 శాతంతో మొదలైన మద్దతు నెల రోజుల్లోనే బాగా తగ్గిపోయింది. అసలు ఒక అధ్యక్షుడిని తొలగించడంలో సర్వేల పాత్ర ఎంత? ర్యాలీల పాత్ర ఎంత? కోర్టు వాటిని చూస్తుందా? పూర్తి వివరాలు ఇవీ..

ముందు రూల్ ఏం చెబుతోంది?

దక్షిణ కొరియాలో అధ్యక్షుడిని ప్రజలు నేరుగా ఎన్నుకుంటారు. పదవీకాలం ఐదేళ్లు. రెండోసారి పోటీ చేసే అవకాశం లేదు. విధి నిర్వహణలో రాజ్యాంగాన్ని గానీ, చట్టాన్ని గానీ ఉల్లంఘిస్తే అభిశంసన పెట్టొచ్చని రాజ్యాంగంలోని 65వ అధికరణం చెబుతోంది. అధ్యక్షుడి విషయంలో తీర్మానం పెట్టడానికే మొత్తం సభ్యుల్లో సగానికి పైగా మద్దతు కావాలి. అది నెగ్గాలంటే మూడింట రెండొంతుల మంది ఓటేయాలి. ప్రస్తుతం జాతీయ అసెంబ్లీలో 300 సీట్లు ఉన్నాయి కాబట్టి 200 ఓట్లు తప్పనిసరి.

తీర్మానం నెగ్గిన వెంటనే అధ్యక్షుడి అధికారాలు ఆగిపోతాయి. ప్రధానమంత్రి తాత్కాలిక అధ్యక్షుడవుతారు. కానీ పదవి అప్పుడే పోదు. బంతి రాజ్యాంగ న్యాయస్థానం కోర్టులోకి వెళ్తుంది. అక్కడ 9 మంది జడ్జిలు ఉంటారు. కనీసం ఆరుగురు 'తొలగించాలి' అంటేనే అధ్యక్షుడు ఇంటికి వెళ్తారు. లేదంటే తిరిగి బాధ్యతలు చేపడతారు. తొలగిస్తే 60 రోజుల్లో కొత్త అధ్యక్షుడి ఎన్నిక జరపాలి.

గమనించాల్సింది ఏంటంటే.. ఈ మొత్తం ప్రక్రియలో జనం ఓటు వేసే దశ ఎక్కడా లేదు. రెఫరెండం లేదు. రీకాల్ లేదు. అయినా ప్రతి దశలోనూ జనం ఏమనుకుంటున్నారనే లెక్క నడుస్తూనే ఉంటుంది. అదెలాగో చూడాలంటే 2004కి వెళ్లాలి.

2004: పార్లమెంట్ దించింది.. జనం తిరిగి కూర్చోబెట్టారు

రో మూ హ్యున్ మానవ హక్కుల లాయర్‌గా పేరు తెచ్చుకుని రాజకీయాల్లోకి వచ్చిన నాయకుడు. 2003లో అధ్యక్షుడయ్యారు. ఏడాది గడిచేలోగానే సొంత పార్టీ చీలిపోయింది. ఆయన వర్గం పెట్టుకున్న ఉరి పార్టీకి పార్లమెంట్‌లో 50 మంది సభ్యులు కూడా లేరు. 2004 ఏప్రిల్‌లో పార్లమెంట్ ఎన్నికలు ఉన్నాయి. ఆ ఎన్నికల్లో ప్రజలు ఉరి పార్టీకి మద్దతు ఇస్తారని ఆశిస్తున్నట్టు రో ఓ మీడియా సమావేశంలో అన్నారు. అధ్యక్షుడు ఎన్నికల్లో తటస్థంగా ఉండాలన్న నిబంధనను ఆయన ఉల్లంఘించారని ఎన్నికల సంఘం తేల్చింది. ప్రతిపక్షాలకు అంతకంటే ఏం కావాలి!

మార్చి 12న అభిశంసన తీర్మానం ఓటింగ్‌కు వచ్చింది. ఉరి పార్టీ సభ్యులు స్పీకర్ వేదికను ఆక్రమించారు. భద్రతా సిబ్బంది వాళ్లను ఈడ్చుకుంటూ బయటకు తీసుకెళ్లారు. సభ్యులు కింద పడి ఏడుస్తున్న దృశ్యాలు టీవీల్లో లైవ్‌గా వెళ్లాయి. 193-2 ఓట్లతో తీర్మానం నెగ్గింది. లెక్కల్లో ప్రతిపక్షం గెలిచింది. కానీ ఆ దృశ్యాలు చూసిన దేశం రగిలిపోయింది.

సర్వేల్లో దాదాపు 70 శాతం మంది అభిశంసన తప్పని చెప్పారు. ఇక్కడో ముఖ్యమైన విషయం ఉంది. అప్పటికి రో పాలన మీద జనానికి గొప్ప అభిప్రాయమేం లేదు. ఆయన రేటింగ్ బాగా పడిపోయి ఉంది. అంటే 'ఈ అధ్యక్షుడు నచ్చలేదు' అన్నవాళ్లలో కూడా చాలామంది 'అయినా సరే, ఇంత చిన్న కారణానికి దించడం ఏంటి?' అని అడిగారన్నమాట. నచ్చకపోవడం వేరు, తొలగించడం వేరు. జనం ఈ రెండింటినీ కలపలేదు. కలిపింది పార్టీలే.

సియోల్‌లోని గ్వాంగ్‌హ్వామున్ ప్రాంతంలో కొవ్వొత్తులతో వేలాది మంది రోడ్లపైకి వచ్చారు. ఏప్రిల్ 15న జరిగిన ఎన్నికల్లో 50 సీట్లు కూడా లేని ఉరి పార్టీకి 299కి గానూ ఏకంగా 152 సీట్లు వచ్చాయి. సొంతంగా మెజారిటీ! మే 14న రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. అధ్యక్షుడు చట్టాన్ని ఉల్లంఘించిన మాట నిజమే, కానీ పదవి నుంచి తొలగించేంత తీవ్రమైన ఉల్లంఘన కాదని తేల్చింది. 63 రోజుల తర్వాత రో తిరిగి బాధ్యతలు చేపట్టారు.

ఆ తీర్పులో కోర్టు ఒక కొలబద్ద పెట్టింది. తప్పు జరిగిందా లేదా అన్నదొక్కటే చాలదు. ప్రజలు ఓటుతో ఇచ్చిన నమ్మకాన్ని మధ్యలో వెనక్కి తీసుకోవాల్సినంత పెద్ద తప్పా కాదా అన్నది చూడాలి. తర్వాతి రెండు కేసులూ ఈ కొలబద్ద మీదే నడిచాయి.

2016: 4 శాతానికి పడిపోయిన అధ్యక్షురాలు

పార్క్ గ్యున్ హే దక్షిణ కొరియాకు తొలి మహిళా అధ్యక్షురాలు. సుదీర్ఘకాలం దేశాన్ని ఏలిన సైనిక పాలకుడు పార్క్ చుంగ్ హీ కూతురు. 2012 ఎన్నికల్లో గెలిచారు. 2016 అక్టోబర్‌లో ఓ టీవీ ఛానెల్ పెద్ద బాంబు పేల్చింది. ఏ ప్రభుత్వ పదవిలోనూ లేని ఆమె స్నేహితురాలు చోయ్ సూన్ సిల్‌కు అధ్యక్షురాలి ప్రసంగాలు, ప్రభుత్వ పత్రాలు ముందుగానే చేరుతున్నాయంటూ జేటీబీసీ ఛానెల్ ఆధారాలు బయటపెట్టింది. మర్నాడే పార్క్ క్షమాపణ చెప్పారు. కానీ పెద్ద కంపెనీల నుంచి చోయ్ చేతుల్లోని ఫౌండేషన్లకు కోట్లాది వాన్లు వెళ్లాయన్న విషయం కూడా బయటకు రావడంతో ఆ క్షమాపణ ఎవరికీ ఆనలేదు.

గ్యాలప్ కొరియా సంస్థ ప్రతివారం సర్వే చేస్తుంది. ఆ సర్వేలో నవంబర్ మొదటి వారానికే పార్క్ రేటింగ్ 5 శాతానికి దిగింది. నవంబర్ చివరికి 4 శాతం! అంతకుముందు రికార్డు కిమ్ యంగ్ సామ్‌ది. 1997 ఆర్థిక సంక్షోభం సమయంలో ఆయనకు 6 శాతం వచ్చింది.

అక్టోబర్ 29న మొదలైన కొవ్వొత్తుల ర్యాలీలు ప్రతి శనివారం పెరుగుతూ పోయాయి. డిసెంబర్ 3న దేశవ్యాప్తంగా 20 లక్షల మందికి పైగా వచ్చారని నిర్వాహకులు ప్రకటించారు. పోలీసుల లెక్క అంతకంటే చాలా తక్కువ. ర్యాలీల విషయంలో ఈ రెండు లెక్కల తేడా ఎప్పుడూ ఉండేదే. నిర్వాహకులు వచ్చి వెళ్లిన వాళ్లందర్నీ లెక్కేస్తారు. పోలీసులు ఒక సమయంలో అక్కడ ఎంతమంది ఉన్నారో చూస్తారు. ఏ లెక్క తీసుకున్నా అది చరిత్రలోనే అతిపెద్ద ర్యాలీల్లో ఒకటి. చిన్నపిల్లల్ని భుజాలమీద ఎత్తుకుని కుటుంబాలు వచ్చాయి.

డిసెంబర్ 9న ఓటింగ్ జరిగే వారంలో గ్యాలప్ కొరియా ఇదే ప్రశ్న అడిగింది. 81 శాతం మంది అభిశంసనకు అనుకూలం. 14 శాతం మంది వ్యతిరేకం. పార్లమెంట్‌లో తీర్మానానికి 234 ఓట్లు పడ్డాయి. వ్యతిరేకంగా 56. ఓటింగ్ రహస్య పద్ధతిలో జరిగింది. అయినా లెక్క తేలిగ్గానే తెలిసిపోయింది. ప్రతిపక్షాలు, స్వతంత్రులు అంతా కలిసినా 172 మందే. అంటే అధికార సేనూరి పార్టీ నుంచే 60 మందికి పైగా సొంత అధ్యక్షురాలికి వ్యతిరేకంగా ఓటేశారు!

సొంత పార్టీ వాళ్లే ఎందుకు తిరగబడ్డారు? కారణం అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. 81 శాతం అన్నప్పుడు అందులో ప్రతిపక్ష ఓటర్లే ఉండరు. తమకు ఓటేసిన వాళ్లు కూడా ఉంటారు. నియోజకవర్గంలో సొంత ఓటరే 'దించేయండి' అంటుంటే ఎంపీ ఎటు వెళ్తాడు? ప్రజాభిప్రాయం అభిశంసనలో పనిచేసేది ఈ దారిలోనే. సర్వే అధ్యక్షుడిని దించదు. అది ఎంపీకి భయం పుట్టిస్తుంది, లేదా ధైర్యం ఇస్తుంది.

ఆ తర్వాత జాతీయ జెండాలు పట్టుకుని పార్క్ మద్దతుదారులు కూడా పెద్ద ఎత్తున ర్యాలీలు చేశారు. వాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లు. రోడ్ల మీద చూస్తే దేశం రెండుగా చీలిపోయినట్టే కనిపించింది. కానీ 2017 మార్చి మొదట్లో గ్యాలప్ కొరియా సర్వేలో తొలగింపునకు అనుకూలత 77 శాతం దగ్గరే ఉంది. మూడు నెలల్లో పెద్దగా కదల్లేదు. మార్చి 10న కోర్టు 8-0తో పార్క్‌ను తొలగించింది. తీర్పు రోజు కోర్టు దగ్గర జరిగిన గొడవల్లో ఆమె మద్దతుదారుల్లో కొందరు ప్రాణాలు కూడా కోల్పోయారు. 60 రోజుల గడువులోనే, మే 9న జరిగిన ఎన్నికల్లో మూన్ జే ఇన్ అధ్యక్షుడయ్యారు.

2024: ఆరు గంటల మార్షల్ లా.. నాలుగు నెలల టెన్షన్

మూడో కథ అందరికీ గుర్తున్నదే. 2024 డిసెంబర్ 3 రాత్రి పదిన్నర దగ్గర అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ టీవీలో ప్రత్యక్షమై మార్షల్ లా ప్రకటించారు. 1980 తర్వాత ఆ దేశంలో మార్షల్ లా మాట వినిపించడం అదే మొదటిసారి. హెలికాప్టర్లలో సైనికులు పార్లమెంట్ ఆవరణలో దిగారు. ఎంపీలు గోడలు దూకి లోపలికి వెళ్లారు. బయట సామాన్య జనం సైనికులకు అడ్డుగా నిలబడ్డారు. అర్ధరాత్రి దాటాక ఒంటి గంట సమయంలో 190-0 ఓట్లతో మార్షల్ లా ఎత్తేయాలని పార్లమెంట్ తీర్మానించింది. తెల్లవారుజామున యూన్ వెనక్కి తగ్గారు. మొత్తం దాదాపు ఆరు గంటల వ్యవహారం.

డిసెంబర్ 7న తొలి అభిశంసన తీర్మానం వచ్చింది. అధికార పీపుల్ పవర్ పార్టీ సభ్యులు దాదాపు అందరూ బాయ్‌కాట్ చేశారు. 195 మందే ఓటేశారు. 200 లేకపోవడంతో బ్యాలెట్లు లెక్కించకుండానే తీర్మానం వీగిపోయింది. ఆ వారమంతా పార్లమెంట్ బయట జనం తగ్గలేదు. కొవ్వొత్తుల స్థానంలో ఈసారి కే పాప్ అభిమానుల లైట్ స్టిక్స్ వచ్చాయి. పాటలు పాడుతూ 20 ఏళ్ల అమ్మాయిలు ముందు వరుసలో నిలబడ్డారు. రాలేకపోయినవాళ్లు దగ్గర్లోని కాఫీ షాపులకు ముందే డబ్బు కట్టి, ర్యాలీకి వచ్చినవాళ్లకు ఫ్రీగా కాఫీ ఇప్పించారు.

ఆ వారం గ్యాలప్ కొరియా సర్వేలో యూన్ రేటింగ్ 11 శాతం. అభిశంసనకు అనుకూలం 75 శాతం, వ్యతిరేకం 21 శాతం. డిసెంబర్ 14న రెండో తీర్మానం 204 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకంగా 85 మంది ఓటేశారు. ప్రతిపక్షాల బలం 192 కాబట్టి అధికార పార్టీ నుంచి 12 మంది కలిశారు. అంటే అవసరమైన దానికంటే నాలుగే ఎక్కువ. పార్క్ విషయంలో 60 మందికి పైగా తిరగబడితే, యూన్ విషయంలో 12 మందే. ఎందుకీ తేడా?

అభిప్రాయం ఎందుకు మారింది?

పార్క్ కేసులో మూడు నెలలపాటు కదలని అంకె, యూన్ కేసులో నెల రోజుల్లోనే కదిలింది. 2025 జనవరి రెండో వారంలో అభిశంసనకు అనుకూలం 64 శాతానికి, మూడో వారంలో 57 శాతానికి తగ్గింది. వ్యతిరేకం 36 శాతానికి పెరిగింది. అదే వారం పీపుల్ పవర్ పార్టీకి ఆదరణ 39 శాతానికి చేరి ప్రతిపక్ష డెమోక్రటిక్ పార్టీని దాటేసింది! మార్షల్ లా పెట్టిన అధ్యక్షుడి పార్టీ నెలన్నరలో లేచి నిలబడటం చాలామందిని షాక్‌కు గురిచేసింది.

దీనికి ప్రధానంగా మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, ప్రశ్న మారిపోయింది. డిసెంబర్‌లో ప్రశ్న 'మార్షల్ లా పెట్టడం కరెక్టా?' అన్నది. జనవరికి అది 'యూన్ పోతే వచ్చేదెవరు?' అన్న ప్రశ్నగా మారింది. ప్రతిపక్ష నేత లీ జే మ్యుంగ్ మీద అప్పటికే కోర్టుల్లో కేసులు నడుస్తున్నాయి. ఆయనంటే పడని కన్జర్వేటివ్ ఓటర్లు మళ్లీ సొంత గూటికి చేరారు.

రెండోది, ప్రతిపక్షం దూకుడు. తాత్కాలిక అధ్యక్షుడిగా ఉన్న ప్రధాని హన్ డక్ సూను కూడా డిసెంబర్ 27న అభిశంసించారు. పక్షం రోజుల్లో రెండు అభిశంసనలు! 2004లో ప్రతిపక్షం చేసిన తప్పే మళ్లీ చేస్తున్నారా అన్న మాట వినిపించింది. హన్ అభిశంసనను తర్వాత మార్చి 24న రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది.

మూడోది, యూన్ అరెస్ట్. జనవరి 15న ఆయన్ను ఇంటి నుంచి అదుపులోకి తీసుకున్నారు. పదవిలో ఉన్న అధ్యక్షుడిని అరెస్ట్ చేయడం ఆ దేశ చరిత్రలో అదే తొలిసారి. మద్దతుదారులకు ఇది అవమానంలా తోచింది. జనవరి 19న కొందరు సియోల్‌లోని ఓ జిల్లా కోర్టు మీద దాడి చేసి అద్దాలు, సామాన్లు ధ్వంసం చేశారు. ఎన్నికల్లో రిగ్గింగ్ జరిగిందన్న ప్రచారం కొన్ని యూట్యూబ్ ఛానెళ్లలో జోరుగా సాగింది. మార్షల్ లా ప్రకటనను సమర్థించుకోవడానికి యూన్ కూడా ఎన్నికల సంఘం మీద అనుమానాలు లేవనెత్తారు.

అయితే ఒక్క విషయం మర్చిపోకూడదు. అంకె తగ్గినా మెజారిటీ మాత్రం ఎప్పుడూ తొలగింపు వైపే ఉంది. ఏప్రిల్ వరకు 50 శాతం కిందికి దిగలేదు. 'పుంజుకుంటున్న యూన్' అన్న వార్తలు వచ్చినప్పుడు కూడా పది మందిలో దాదాపు ఆరుగురు ఆయన వెళ్లిపోవాలనే అన్నారు.

సర్వే అంకెను ఎలా చదవాలి?

ఇలాంటి సమయంలో రోజుకో సర్వే వస్తుంది. ఒకదాంట్లో 60, ఇంకోదాంట్లో 51. ఏది నమ్మాలి? గ్యాలప్ కొరియా లాంటి సంస్థలు దాదాపు 1,000 మందికి ఫోన్ చేసి మనుషులతోనే మాట్లాడిస్తాయి. ఇందులో 3.1 శాతం అటూ ఇటూ తేడా ఉండొచ్చు. అంటే 57 అని వస్తే అసలు అంకె 54 కావొచ్చు, 60 కూడా కావొచ్చు. ఇంకొన్ని సంస్థలు రికార్డ్ చేసిన గొంతుతో ఆటోమేటిక్ కాల్స్ చేస్తాయి. మిషన్ గొంతు వినగానే రాజకీయాల మీద ఆసక్తి లేనివాళ్లు ఫోన్ పెట్టేస్తారు. ఊపుమీద ఉన్నవాళ్లు మాత్రం చివరిదాకా నొక్కుతూ కూర్చుంటారు. అందుకే ఇలాంటి సర్వేల్లో రెండు వైపులా గట్టిగా ఉన్నవాళ్ల వాటా ఎక్కువ కనిపిస్తుంది.

2025 జనవరిలో కొరియాలో పెద్ద చర్చే నడిచింది. కోపంతో ఉన్న కన్జర్వేటివ్‌లు సర్వే కాల్స్‌కు ఎక్కువగా సమాధానం ఇస్తున్నారని, అందుకే వాళ్ల బలం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తోందని ఒక వర్గం వాదించింది. అంకెలు నచ్చనప్పుడల్లా ఓడినవాళ్లు చెప్పే మాటే ఇదని రెండో వర్గం కొట్టిపారేసింది. ఒకే సంస్థ, ఒకే పద్ధతిలో, ఒకే ప్రశ్నను వరుసగా అడిగిన సర్వేలను పోల్చి చూడటమే దీనికి మంచి మందు. ఒక్క అంకె కంటే అది ఎటు కదులుతోందన్నదే ఎక్కువ చెబుతుంది.

అమెరికాలో ఏం జరిగింది?

సర్వేల చరిత్ర ఎక్కువగా ఉన్న దేశం అమెరికా. అక్కడ ప్రతినిధుల సభ సాధారణ మెజారిటీతో అభిశంసిస్తుంది. తొలగించాలంటే సెనేట్‌లో మూడింట రెండొంతులు, అంటే 100 మంది ఉన్న సభలో 67 ఓట్లు కావాలి. ఇప్పటివరకు సెనేట్ ఏ అధ్యక్షుడినీ తొలగించలేదు. 1868లో ఆండ్రూ జాన్సన్ ఒకే ఒక్క ఓటు తేడాతో బయటపడ్డారు.

రిచర్డ్ నిక్సన్ కథ ప్రజాభిప్రాయం ఎంత నెమ్మదిగా కదులుతుందో చూపిస్తుంది. 1973 జూన్‌లో వాటర్‌గేట్ విచారణ టీవీల్లో వస్తున్నప్పుడు ఆయన్ను దించేయాలన్నది 19 శాతం మందే. ఆ ఏడాది అక్టోబర్‌లో తనపై దర్యాప్తు చేస్తున్న ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను నిక్సన్ తీయించేశారు. నవంబర్ నాటికి అది 38 శాతానికి చేరింది. టేపులు ఇవ్వాల్సిందేనని 1974 జులై 24న సుప్రీంకోర్టు 8-0తో చెప్పాక, హౌస్ జ్యుడీషియరీ కమిటీ అభిశంసనకు సిఫార్సు చేశాక, ఆగస్టు మొదట్లో అది 57 శాతం అయింది. అప్పటికి నిక్సన్ రేటింగ్ 24 శాతం. ఆగస్టు 9న ఆయనే రాజీనామా చేశారు. అంటే 19 నుంచి 57కి రావడానికి 14 నెలలు పట్టింది. జనం ముందుగా దించాలని నిర్ణయించుకోలేదు. ఒక్కో ఆధారం బయటకు వచ్చేకొద్దీ మారారు.

బిల్ క్లింటన్ కథ రో మూ హ్యున్ కథకు దగ్గర. 1998 డిసెంబర్ 19న ప్రతినిధుల సభ ఆయన్ను అభిశంసించింది. సరిగ్గా అప్పుడే గ్యాలప్ సర్వేలో ఆయన రేటింగ్ 73 శాతానికి చేరింది! ఆయన చేసింది తప్పేనని జనం అన్నారు. కానీ పదవి తీసేసేంత తప్పు కాదన్నారు. 1999 ఫిబ్రవరి 12న సెనేట్‌లో ఒక ఆరోపణకు 45, ఇంకో ఆరోపణకు 50 ఓట్లే వచ్చాయి.

డొనాల్డ్ ట్రంప్ సమయానికి లెక్క పూర్తిగా పార్టీల వారీగా మారిపోయింది. 2020 జనవరిలో గ్యాలప్ సర్వే ప్రకారం 46 శాతం మంది తొలగించాలన్నారు, 52 శాతం మంది వద్దన్నారు. రిపబ్లికన్లలో ఆయన రేటింగ్ 94 శాతం. డెమోక్రాట్లలో 7 శాతం. మధ్యలో ఎవరూ లేరు! సెనేట్‌లో ఒకే ఒక్క రిపబ్లికన్, మిట్ రోమ్నీ, ఆయనకు వ్యతిరేకంగా ఓటేశారు. 2021 ఫిబ్రవరిలో రెండో విచారణలో ఏడుగురు రిపబ్లికన్లు కలిసి 57-43 అయింది. అయినా 67కు చేరలేదు. దేశంలో సగం మంది 'దించేయాలి' అన్నా, ఆ సగమంతా ఒకే పార్టీ వాళ్లయితే ఓట్లు కదలవని ఇక్కడ తేలిపోయింది.

మన దేశంలో ఎలా?

భారత రాష్ట్రపతిని తొలగించే పద్ధతిని రాజ్యాంగంలోని 61వ అధికరణం చెబుతోంది. కారణం ఒక్కటే, రాజ్యాంగ ఉల్లంఘన. సభలో నాలుగో వంతు సభ్యుల సంతకాలతో 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒక సభ మూడింట రెండొంతుల మెజారిటీతో అభియోగం మోపాలి. రెండో సభ విచారణ జరిపి, అదే మెజారిటీతో ఆమోదించాలి. ఇప్పటివరకు దీన్ని ఎవరిమీదా వాడలేదు. మన దగ్గర అసలు అధికారం ప్రధాని చేతిలో ఉంటుంది కాబట్టి, ఆయన్ను దించడానికి లోక్‌సభలో విశ్వాసం పోతే చాలు. నేరం రుజువు కానక్కర్లేదు.

అయితే జనం లెక్క ఇక్కడా ఉంటుంది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ ఓటింగ్‌లో తెలుగుదేశం పార్టీ ప్రభుత్వం వైపే నిలబడింది. కొన్ని నెలల్లో జరిగిన ఎన్నికల్లో జనం వాజ్‌పేయినే మళ్లీ గెలిపించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం 29 లోక్‌సభ సీట్లు గెలిచింది. సభలో నెగ్గినవాళ్లు జనంలో కూడా నెగ్గుతారన్న గ్యారంటీ లేదని 2004లో కొరియన్లు చూసింది, మనవాళ్లు ఐదేళ్ల ముందే చూశారు.

ఇంతకీ కోర్టు జనం మాట విన్నదా?

2025 ఏప్రిల్ 4 ఉదయం 11 గంటలు దాటాక రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చదివింది. కొరియాలో స్కూళ్లలో, ఆఫీసుల్లో, రైల్వే స్టేషన్లలో జనం టీవీల ముందు నిలబడిపోయారు. పార్లమెంట్ అభిశంసించిన 111 రోజులకు, 8-0తో యూన్‌ను తొలగిస్తున్నట్టు కోర్టు ప్రకటించింది. పార్క్ కేసులో 91 రోజులు, రో కేసులో 63 రోజులు పడితే, ఇదే అన్నింటికంటే ఎక్కువ. ఆలస్యం అవుతున్నకొద్దీ జడ్జిల్లో చీలిక వచ్చిందన్న పుకార్లు రెండు వైపులా టెన్షన్ పెంచాయి. చివరికి ఎనిమిది మందీ ఒక్కమాట మీద నిలిచారు.

తీర్పులో ఏ సర్వేనూ ఆధారంగా తీసుకోలేదు. 75 శాతం అనో, 57 శాతం అనో కోర్టు చూడలేదు. చూసింది 2004 నాటి కొలబద్దనే. అది తొలగించాల్సినంత తీవ్రమైన ఉల్లంఘనేనని తేల్చింది. ప్రతిపక్షం పెత్తనం చేస్తోందన్న యూన్ వాదనను కూడా విన్నది. ఆ ఇబ్బంది నిజమైనా, దాన్ని రాజకీయంగా తేల్చుకోవాలే తప్ప సైన్యాన్ని దించకూడదంది. అయితే జనం ప్రస్తావన మాత్రం తీర్పులో వచ్చింది. ఆ రాత్రి పార్లమెంట్ అంత త్వరగా మార్షల్ లాను ఎత్తేయగలిగిందంటే దానికి అడ్డుగా నిలబడ్డ పౌరులు, ఆదేశాలను మనసుపెట్టి అమలు చేయని సైనికులు, పోలీసులే కారణమని కోర్టు పేర్కొంది.

జూన్ 3న ఎన్నికలు జరిగాయి. 79.4 శాతం పోలింగ్ నమోదైంది. 1997 తర్వాత అధ్యక్ష ఎన్నికల్లో ఇదే అత్యధికం. లీ జే మ్యుంగ్ 49.42 శాతం ఓట్లతో గెలిచారు. యూన్ పార్టీ అభ్యర్థి కిమ్ మూన్ సూకు 41.15 శాతం ఓట్లు వచ్చాయి. మార్షల్ లా పెట్టి పదవి పోగొట్టుకున్న అధ్యక్షుడి పార్టీకి పది మందిలో నలుగురు ఓటేశారన్నమాట. డిసెంబర్‌లో 'దించేయాలి' అన్న 75 శాతంలో చాలామంది జూన్‌లో ప్రతిపక్షానికి ఓటేయలేదు. రోలో వాళ్లకు నచ్చనిది ఉన్నా 2004లో కాపాడారు. యూన్ పార్టీ మీద అభిమానం ఉన్నా 2024లో కొందరు ఆయన్ను వదిలేశారు.

మొత్తానికి ఈ మూడు కథల్లో ఒకటి స్పష్టం. 'ఈ అధ్యక్షుడు నచ్చాడా?', 'తప్పు చేశాడా?', 'దించేయాలా?', 'తర్వాత ఎవరు రావాలి?'.. ఇవి నాలుగు వేర్వేరు ప్రశ్నలు. నేతలు వాటిని ఒక్కటే అనుకుని ముందుకెళ్లిన ప్రతిసారీ దెబ్బతిన్నారు. జనం మాత్రం నాలుగింటికీ విడివిడిగానే జవాబు చెబుతూ వచ్చారు.